పై అరలోకి ఒక జాడీ

“ఇదీ వద్దు,” అన్నాడు భర్త, జాడీని తిప్పి అడుగు చూసి.

“దీనికేమొచ్చింది?” అంది భార్య.

“ఆ మెరుపేమిటి? పెళ్లికొడుకులా ఉంది.”

“మూతి తిప్పింది చాలు. కింద పెట్టండి. పగిలితే మన నెత్తికి చుట్టుకుంటుంది.”

కావలసిందల్లా ఒక జాడీ. దానికి మూత ఉండాలి. హాల్లో పుస్తకాల అలమారా పై అరలో పట్టాలి. ఈ మాత్రం దానికి ఇద్దరూ శనివారం శనివారం పట్నమంతా తిరుగుతున్నారు.

మామూలు బజారు సరుకు ఆయనకి పనికిరాదు. ఎవరో ఒకరు చేత్తో చేసి, సొంత కొట్లో పెట్టుకున్నదే కావాలి. అలాంటి కొట్లన్నీ పాత గోదాముల వీధిలో వెలిశాయి. కింద దీపాలు, కుర్చీలు, కుండలు. పైన బొమ్మల ప్రదర్శనలు. అన్నిటికీ ఇనప మెట్లే. లిఫ్టు పెడితే పాతదనం పోతుందట!

జీవితమంతా తైలం సీసాలకీ పౌడరు డబ్బాలకీ ఆకారాలు గీసి బతికిన మనిషి ఆయన. ఎక్కడైనా మూత సరిగ్గా పడకపోతే ఆయనకి ముద్ద దిగదు. కట్టుకున్నందుకు ఆవిడ కూడా మూతల గురించి నేర్చుకోక తప్పలేదు.

“ఇవాళ ఎలాగైనా తేల్చెయ్యాలి,” అంది మెట్లు ఎక్కుతూ. “సోమవారం నుంచి మీకు కుదరదు. తర్వాత నేనొక్కదాన్నే ఇలా తిరగలేను.”

“తేల్చేద్దాం, తేల్చేద్దాం,” అన్నాడు ఆయన, రెండు మెట్లకోసారి ఆగుతూ.

పక్క కొట్లో గడ్డం పెంచుకున్నాయన నున్నటి బూడిదరంగు జాడీ ఒకటి ముందుకు తోశాడు. సిమెంటుతో చేశారట.

“ఎత్తి చూడు,” అన్నాడు భర్త భార్యతో. “ఇల్లు కట్టడానికి మిగిలిన సిమెంటంతా ఇందులో పోసినట్టున్నారు.”

ఆవిడ రెండు చేతులతో ఎత్తింది. వెంటనే దించేసింది.

“దుమ్ము దులపాల్సింది నేను. నా వల్ల కాదు.”

“అందుకే కదా వద్దంటున్నా!”

గడ్డాయన మొహం మాడ్చుకున్నాడు. ఇద్దరూ సారీ చెప్పి బయటపడ్డారు.

పై అంతస్తులో ఏదో ప్రదర్శన. లోపల బెంచీ కనబడింది కాబట్టి వెళ్లారు, కళ మీద మోజుతో కాదు. గది నిండా వైర్లకి కుండలు వేలాడుతున్నాయి. ఒక్కదానికీ అడుగు లేదు. గోడ మీద ‘శూన్యాన్ని నింపే ప్రయత్నం’ అని రాసి ఉంది.

“అడుగే లేనిదాన్ని ఎలా నింపుతారండీ?” అంది భార్య.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆయాసమైంది. ఆవిడ బెంచీ మీద కూర్చోబెట్టి వీపు రాసింది. పక్కనే తనూ కూలబడింది. ఇంటికి పోయి పడుకుంటే బాగుండునని ఇద్దరికీ ఉంది.

“కాళ్లు పీకేస్తున్నాయి,” అంది ఆవిడ. “ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి! ఏదో ఒకటి తీసేసుకుందాం.”

“అలా అనకు. రోజూ నీ కళ్లెదురుగా ఉండేది. నీకు చూడబుద్ధెయ్యాలి కదా.”

“నే చచ్చేలోగా తేలుస్తారా?”

“నీకంత తొందరేం లేదులే.”

“మీరిలాగే వంకలు పెడితే ప్లాస్టిక్ డబ్బా తెచ్చి పడేస్తాను. చూడండి.”

“నీకు పుణ్యముంటుంది, అంత పని మాత్రం చెయ్యకు!”

ఆయన నిజంగానే హడలిపోయాడు. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వాక ఆ మాట ఎందుకన్నానా అని బాధేసింది. ఆయన చొక్కా కాలరు సర్ది లేవదీసింది.

వీధి చివర ఒక్క కొట్టే మిగిలింది. కుండలు చేసే ఆవిడే అమ్ముతోంది. చేతులకి మట్టి ఇంకా ఆరలేదు. కిటికీ దగ్గర బల్ల మీద వానమబ్బు రంగు జాడీ ఒకటుంది. మెరుపు లేదు. పూలూ తీగెలూ లేవు. ఆయన మూత తీశాడు. పెట్టాడు. మళ్లీ తీసి, కళ్లు మూసుకుని పెట్టాడు. చప్పుడే లేదు.

“ఇదీ మూతంటే!” అన్నాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన మొహంలో అలసటంతా పోయింది.

హమ్మయ్య అనాల్సిన భార్య ఆ మాట అనలేదు. దాని వెనకాల అచ్చం అలాంటిదే ఇంకొకటి, పెద్దది ఉంది. దాన్ని చూపించింది.

“అది తీసుకుందాం.”

“అంతదెందుకు? కొలత కనుక్కునే కదా బయల్దేరాం. చిన్నది సరిపోతుంది.”

“కనుక్కుంటే కనుక్కున్నారు. నాకు పెద్దదే కావాలి.”

“సగం ఖాళీగా పడి ఉంటుందే!”

“ఉండనివ్వండి.”

“పై అరలో పట్టద్దూ?”

“పుస్తకాలు తీసేస్తాను.”

ఆయన తెల్లబోయాడు. ఇన్నాళ్ల తిరుగుడులో ఏ రంగైనా సరేనంది, ఏ రూపమైనా సరేనంది. దేనికీ ఇలా మొండికెయ్యలేదు. ఇప్పుడు ఆ పెద్ద జాడీని పొట్టకి ఆనించి పట్టుకుని నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం బాగా అలిసిపోయిందనుకున్నాడు.

కొట్టావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“తగువెందుకండీ! రెండూ ఒకే మట్టి, ఒకే చెయ్యి. అందులో ఏం పోసుకుంటారో చెప్పండి, ఏది సరిపోతుందో నేను చెప్తాను.”

“ముందు ఈయన బూడిదమ్మా,” అంది భార్య, “వీలు చూసుకుని దాని మీదే నాది.”