వార్నమ్ ఇంటి పొగమంచు

ఒక్క నిమిషం ఆగండి, ఇది వినేసి వెళ్ళండి.

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రపు సముద్రతీరంలో వార్నమ్‌లంటే మూడు తరాలుగా బొమ్మలు వేసేవాళ్ళు. తాత ఓడలు గీశాడు. తండ్రి పత్రికలకి గీశాడు. మూడో తరం ఆరిన్‌కి అరవై నాలుగేళ్ళు నిండాయి, ఒక్క బొమ్మా మ్యూజియం గోడ ఎక్కలేదు. "అచ్చం మీ నాన్నలాగే గీశావే" అంటారు, వెళ్ళిపోతారు.

ఆ ఇంట్లో పట్టింపు ఒకటే. కంటికి కనిపించిందే గీయాలి, కొసరు కూడదు. ఓసారి అక్కడ లేని పక్షినొకదాన్ని చేర్చానని గుర్తొచ్చి, ఆరిన్ ఆరు నెలల పనిని తన చేత్తోనే పొయ్యిలో పెట్టేశాడు.

అలాంటి ఇంటికి ఇవాళ మ్యూజియం నుంచి కెస్లర్ అనే ఆవిడ వచ్చింది. రెండేళ్ళుగా గీసిన పన్నెండు బొమ్మలూ గోడకి ఆనించి ఉన్నాయి. పడవలు, కొట్టాలు, కంచెలు. అన్నిటి మీదా పొగమంచు.

"మీ నాన్నగారి వల్ల కూడా కాలేదండీ ఇది" అందావిడ. "పన్నెండూ కావాలి మాకు. వచ్చే వారం బండి పంపిస్తాం. ఈ మంచుని ఎలా పట్టుకున్నారసలు?"

"పట్టుకోడానికేముందమ్మా. కనిపించింది గీశా."

ఆవిడ నవ్వి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కారెక్కింది.

వంటింట్లో అక్క ఐడెల్లా గుడ్లు కొడుతోంది. పచ్చసొన తమ్ముడు రంగుల్లో కలుపుకోడానికి, తెల్లసొన తన పెనం మీదకి.

"నలభై ఏళ్ళుగా ఈ తెల్లట్టే తింటున్నానురా. ఆవిడకి అదీ చెప్పాల్సింది."

"అది సరేగానీ, ఈ మంచులో దుప్పట్లు ఆరేశావేంటక్కా? ఆరి చస్తాయా?"

"గాలికి ఆరతాయిలే."

"నువ్వే అనుకుంటే ఆ పడవలవాళ్ళు నిన్ను మించిపోయారు. ముందేముందో కనపడకుండా ఎలా పోతున్నారో."

ఐడెల్లా ఇంకో గుడ్డు కొట్టింది. ఆరిన్ కొత్త పలకని ఈజిల్ మీద పెట్టి, కుంచె ముట్టకుండా కిటికీ ముందు కూర్చున్నాడు.

"పదమూడోది మంచు బొమ్మ కాదక్కా. ఉత్త సముద్రం, నీలంగా. చచ్చేలోగా అదొక్కటి గీస్తే చాలు నాకు. మంచు విడిచేదాకా ఇక్కణ్ణించి కదలను."

ఈ రెండేళ్ళలో మంచు పట్టిందే పట్టుమని పది రోజులు లేదని, ఇప్పుడు కూడా ఆ కిటికీ అవతల కళ్ళు చెదిరే ఎండ కాస్తోందని, ఐడెల్లా బదులు మీరైతే చెప్తారా?