ముందు చక్రాల చప్పుడు

పికప్ బండి షెడ్డు ముందు ఆగేసరికి పైడిరాజు గుండె జారిపోయింది. భార్య రామతులసి ఇంట్లో లేదు. పొద్దున్నే కిరందుల్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్లింది.

కొండల కింద ఇనుప గనుల ఊరు బచేలిలో ఏ బండి ముందుభాగంలో చప్పుడొచ్చినా పైడిరాజు దగ్గరికే తెస్తారు. చెవి పెడితే చాలు, జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ చెవులు ఎప్పుడో మొరాయించాయని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తాడు. చప్పుడు వెతకాలంటే మాత్రం ఆవిడ ఉండాల్సిందే.

అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటుంది రామతులసి. షెడ్డు ముందు గుంతల్లో ఆయన బండిని ముందుకీ వెనక్కీ నడుపుతాడు. చప్పుడు ఎడమ చక్రం దగ్గరైతే ఆవిడ ఎడమ చెవి కమ్మ సర్దుకుంటుంది. కుడి దగ్గరైతే కుడి కమ్మ. పాపం, కాలక్షేపానికి వచ్చి కూర్చుంటుందనుకుంటారు అందరూ.

చెవిటి మెకానిక్ అని తెలిస్తే మళ్లీ ఈ షెడ్డు గుమ్మం తొక్కేదెవరు?

బండి దిగినవాడు భానుప్రకాష్. భోపాలపట్నం వ్యాపారస్తుల ఇంటివాడు. సంతలకు సరుకూ, పెళ్లిళ్లకు జనాన్నీ తోలుతుంటాడు.

"గుంతల పడ్డప్పుడల్లా ముందట టక్‌టక్‌మని కొడుతుందంట రాజన్నా. జర చూడు."

మెడ నరాలు ఉబ్బేలా అరిచి చెప్పాడు. ఇతనికి తెలిసిపోయిందా ఏమిటి, అని పైడిరాజు ఉలిక్కిపడ్డాడు.

"ఎల్లుండి తే బాబూ, తీరిగ్గా చూస్తాను."

"రేపు పొద్దుగాల పెళ్లోళ్లను బీజాపూర్ తోల్కపోవాలె."

ఇక తప్పదు. ఇద్దరూ ఎక్కి రోడ్డు మీద ఓ చుట్టు తిరిగారు. స్టీరింగ్ పట్టుకున్న వేళ్లతోనే చప్పుడు వెతికాడు పైడిరాజు. ఏదో కొట్టుకుంటున్నట్టే ఉంది. ఎటువైపో అందలేదు. పక్కన కూర్చున్న భానుప్రకాష్ రోడ్డు చూడటం మానేసి, ఈయన మొహంలోకే చూస్తున్నాడు.

"ఎడమేపే కదూ?" అన్నాడు పైడిరాజు, బింకంగా.

"ఎడమే" అని భానుప్రకాష్ వెంటనే తలూపాడు.

పైడిరాజుకు ప్రాణం లేచొచ్చింది. జాకీ ఎత్తి చక్రం పట్టుకుని ఊపాడు. బేరింగ్ బాగానే ఉంది. బాల్ జాయింట్ గట్టిగానే ఉంది. కిందికి దూరి, పక్కన పెట్టిన స్పానర్ అందించమన్నాడు. ఎవరూ అందించలేదు. మళ్లీ అడిగాడు. తల బయటపెట్టి చూస్తే, భానుప్రకాష్ చేతులు కట్టుకుని కొండల వైపు చూస్తున్నాడు.

కావాలనే చేస్తున్నాడు, నన్ను పరీక్షిస్తున్నాడు అనుకున్నాడు పైడిరాజు. వినడానికి పనికిరాని చెవులు సిగ్గుకు మాత్రం భగ్గున వేడెక్కాయి.

చివరికి ఓ రబ్బరు బుష్ మార్చి, దొరికిన బోల్టల్లా బిగించి, ఇంకో చుట్టు తిప్పుకొచ్చాడు.

"పోయిందా?"

భానుప్రకాష్ మళ్లీ అలాగే మొహంలోకి చూసి, "పోయింది. నువ్వు చెయ్యి పెడితె పోకుంటదా?" అన్నాడు.

ఆ మాటకు పైడిరాజు తల దించుకున్నాడు. అది నిజంగా పోయిందో, తన మీద గౌరవంతో అతను సరిపెట్టుకున్నాడో తెలియదు. రేపు ఇదే బండి నిండా చంటిపిల్లల తల్లులు కూర్చుంటారు. ఘాటీ మలుపులో ముందు చక్రం ఊడితే? తన పరువు కోసం అంతమందిని లోయలోకి తోయడమేనా? తన మీద తనకే అసహ్యం వేసింది.

భానుప్రకాష్ తాళం కోసం చెయ్యి చాపాడు. పైడిరాజు ఇవ్వలేదు.

"భానుబాబూ, నాకు చెవులు వినబడవు. ఎడమేపని ఊరికే అనీసాను. ఇప్పుడు నీ చెవులే దిక్కు. ఇంకొక్కసారి తిరిగొద్దాం, ఆ చప్పుడు పోయిందో లేదో నువ్వే విని చెప్పాల."

అనేసి, అతని మొహం చూడలేక నేలచూపులు చూశాడు. భుజం మీద చెయ్యి పడ్డాక గానీ తలెత్తలేదు. భానుప్రకాష్ మొహం కందగడ్డలా ఉంది.

"నాకు సుత వినపడదు రాజన్నా, చప్పుడొస్తుందని మా ఇంటామె చెప్తేనే బండి తెచ్చిన."