నీలం అయ్యేదాకా

ఉమామహేశ్వర్ గాజుగొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, ఊపిరి బిగబట్టి చుక్కలు లెక్కపెడుతున్నాడు.

పద్దెనిమిది... పంతొమ్మిది...

కాలింగ్ బెల్ మోగింది.

గొట్టంలోని గులాబీ రంగు నీళ్లు కాస్త ఊదాగా మారాయి. చాల్లే అనుకున్నాడు. చుక్కకు ఇరవై చొప్పున మూడొందల ఎనభై అని రాసుకుని, విసుక్కుంటూ వెళ్లి తలుపు తీశాడు.

వెలిసిపోయిన చొక్కా, అరిగిన చెప్పులు, చంకలో గొడుగు. అరవై ఏళ్ల మనిషి.

"నమస్తే సార్. నా పేరు ఉప్పలయ్య. మూడొందల నాలుగు నంబరు ఫ్లాటు ఖాళీ ఉన్నదట గద. తాళంచెవి సెక్రటరీ సార్ తాన ఉంటదన్నరు."

ఉప్పల్‌లోని ఆ అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ ఉమామహేశ్వరే.

"మేం ఇద్దరమే సార్. మా ఇంటామెకు మోకాళ్లు నొస్తయి. మీ తాన లిఫ్టు ఉన్నదంటె వచ్చిన."

తాళంచెవి వెతుకుతుంటే ఉప్పలయ్య చూపు హాల్లోని ఆరడుగుల గాజుతొట్టి మీద పడింది. ఉప్పునీళ్లు, నీలి దీపాలు, రాళ్ల మీద రంగురంగుల పగడాలు.

"చేపలు ఒకటి రెండే ఉన్నయేంది సార్?"

"ఇది చేపల తొట్టి కాదు, పగడాల తొట్టి." ఉమామహేశ్వర్‌కు హుషారొచ్చింది. "పగడం కూడా ప్రాణే. నీళ్లలోని కాల్షియం లాక్కుని ఒళ్లు కట్టుకుంటుంది. కాల్షియం నాలుగొందల ఇరవై ఉండాలి. నెలనుంచి మందు పోస్తున్నా మూడొందల ఎనభై దగ్గరే మొరాయిస్తోంది."

"డాక్టరు నాకు రాసిన కాల్షియం మాత్రలు తేవడానికి ఈయనకు నలభై రోజులు పట్టింది," వంటింట్లోంచి అంది తారామణి. "ఆ రాళ్లకు మాత్రం పూటపూటా."

ఉమామహేశ్వర్ విననట్టు ఉన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ విద్య బాగా అబ్బింది.

ఉప్పలయ్య గాజుగొట్టాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడంతే.

"జర ముందే ఆపిన్రు సార్."

"ఏమిటీ?"

"ఇది ఊదా. ఇంక నీలం గాలె. చుక్క చుక్క కలుపుకుంట, గులాబీ ఛాయ మొత్తం పోయేదాక ఎయ్యాలె. ముందే ఆపితె లెక్క తక్కువ చూపిస్తది. మీరేమో తక్కువున్నదని పోసుకుంటనే ఉంటరు."

"పరీక్ష కిట్టు మార్చి కూడా చూశానండీ! రెండూ ఒకే లెక్క చెప్పాయి."

"కిట్టు మారింది సార్. చెయ్యి మారలె."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆ వెంటనే కిసుక్కుమని నవ్వు వినిపించింది.

ఆ నవ్వే కొంప ముంచింది.

"ఏం చదివావయ్యా?" ఉమామహేశ్వర్ మర్యాద ఒక మెట్టు దిగింది.

"పదోది తప్పిన సార్."

"ఇరవై ఆరేళ్లుగా ఇంజనీర్ని నేను. నాకు చుక్కలు లెక్కపెట్టడం నేర్పుతావా?" తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "అన్నట్టు, ఆ ఫ్లాటు నిన్ననే ఇచ్చేశాం. మర్చిపోయాను."

ఉప్పలయ్య ఆ జేబుకేసి ఒకసారి చూశాడు. లిఫ్టు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఇయ్యాల మాత్రం మందు పొయ్యకుర్రి సార్. ప్రాణి అంటిరి గద, పాపం."

ఆ మాటతో రోషం పొడుచుకొచ్చి, డబ్బాలో మిగిలిన మందంతా తొట్టిలో కుమ్మరించాడు ఉమామహేశ్వర్.

మధ్యాహ్నానికల్లా పగడాల తొట్టి కాస్తా కుడితి తొట్టి అయింది.

బొటనవేలంత ముక్క తెచ్చి, నాలుగేళ్లు సాకి, క్యాలీఫ్లవరంత పెంచిన పగడం ముడుచుకుపోయింది. ఉమామహేశ్వర్ మొహం చూసి తారామణి నవ్వలేదు. కొంగు దోపుకుని బకెట్లు అందించింది. ఇద్దరూ కలిసి సగం నీళ్లు తోడి, ఉప్పు కలిపిన కొత్త నీళ్లు నింపారు.

చెప్పిన అబద్ధం బయటపడకూడదు కదా. సాయంత్రం వచ్చిన మొదటి మనిషికే మూడొందల నాలుగు అప్పగించాడు. ఆ మనిషి డ్రమ్ములు నేర్చుకుంటున్నాడని ఏడింటికి తెలిసింది.

సోమవారం తెలంగాణ బంద్. మంగళవారం ఆఫీసుకు సెలవు పెట్టి, ఆదివారం పొద్దున పరీక్షకు పట్టిన నీళ్లలో మిగిలినవీ, కిట్టూ పట్టుకుని నాచారంలోని ఒక నీళ్ల పరీక్షల ల్యాబుకు వెళ్లాడు.

అక్కడి కెమిస్టు దుర్గాభవాని ఆ నీళ్లను మిషన్‌కు పెట్టింది. నాలుగొందల అరవై.

తర్వాత అతని కిట్టుతోనే చేసింది. పంతొమ్మిదో చుక్కకు ఊదా. ఆమె ఆగలేదు. ఇరవై మూడో చుక్కకు నీళ్లు ఆకాశంలా తేటనీలం అయ్యాయి. మళ్లీ నాలుగొందల అరవై.

"కిట్టు మంచిగనే ఉన్నది సార్. మీరే ముందు ఆపుతున్నరు."

"ఆ ముసలాయనా ఇదే కూశాడు," నోరు జారాడు ఉమామహేశ్వర్.

"ఏ ముసలాయన?"

"ఎవరో ఉప్పలయ్యట. ఇల్లు చూడ్డానికొచ్చాడు. పది కూడా పాసవలేదు..."

దుర్గాభవాని చేతిలోని గొట్టాన్ని మెల్లగా స్టాండులో పెట్టింది.

"మా ఉప్పలయ్య సారు మీ ఇంటికొచ్చిండా? పోయిన నెలనే రిటైరయిండు సార్. నిన్న ఫోన్ చేసిండు. పీర్జాదిగూడల ఇల్లు దొరికిందట, మూడో అంతస్తుల. లిఫ్టు లేదట. ఆంటీకి ఎట్లనో ఏమో."

ఉమామహేశ్వర్ గొంతు సవరించుకున్నాడు.

"ఆయన... ఇక్కడ ఏం చేసేవారు?"

దుర్గాభవాని పక్కనున్న మిషన్ మీద చెయ్యి వేసింది.

"జర్మనీ నుంచి వచ్చింది సార్ ఇది. దినాం పొద్దుగాల దీని లెక్కను ఉప్పలయ్య సారు చేతి లెక్కతోని సరిచూసేటోళ్లం, రెండు కలవకపోతె మిషన్‌నే రిపేరుకు పంపేటోళ్లం."