నాగేందర్ చెప్పిన నిజం

“ఫిట్స్ వచ్చినోనికి ఏం గుర్తుంటదిరా? పక్కనున్నోణ్ణి నేను. నేను చెప్తా,” అంటూ మత్తయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

నాగేందర్ తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. బల్లకు అవతల కూర్చున్న డాక్టర్ హిమజ నవ్వింది. చిన్నతనంలో మూర్ఛ వచ్చి, పెద్దయ్యేసరికి తగ్గిపోయిన వాళ్ల మీద ఆమె పరిశోధన చేస్తోంది. అలాంటి వాళ్లెవరైనా ఉంటే సూర్యాపేటకు తీసుకురమ్మని ఊరూరా చెప్పించింది. ఆ మాట రిటైరైన హెడ్మాస్టర్ మత్తయ్య చెవిన పడింది. రానంటే రానని మొండికేసిన చిన్ననాటి దోస్తును అనంతగిరిలో బస్సెక్కించి, ఇక్కడ దించేదాకా ఊరుకోలేదు.

“ఇద్దరిదీ ఒకే ఊరా సార్?”

“ఒకే ఊరు, ఒకే బెంచీ మేడం. బడికి కాలువ గట్టు మీద నడిచిపోయేటోళ్లం.”

ఆ గట్టు తలపుకొచ్చేసరికి మత్తయ్య ముఖం విచ్చుకుంది. దారిలో ఎవరి చేనో చూసుకుని పచ్చి పెసరకాయలు జేబుల నిండా కుక్కుకునేవాళ్లు. కాలువలో కొట్టుకొచ్చే కొబ్బరికాయ కోసం పందెం వేసుకుని పరుగెత్తేవాళ్లు. అంతలోనే ఆ పాడు రోగం వచ్చిపడేది. తుమ్మచెట్టు నీడలో ఇద్దరూ మట్టి కొట్టుకుపోయి పడి ఉండేవాళ్లు. “మళ్లొచ్చిందిరా నాకు. నన్ను పట్టుకోబోయి నువ్వు గూడ పడ్డవ్,” అనేవాడు నాగేందర్. మత్తయ్యకు ఒళ్లంతా నొప్పులుగా ఉండేది. దోస్తు కోసం పడ్డ నొప్పులు కదా, అదొక గొప్పగా ఉండేది.

“మా అమ్మకు నాకన్న వీడంటేనే పాణం మేడం. గుడ్డు ఉడకబెడితే సగం వీనికే. నాకేమో పొద్దుగాలే బలం గోళీ అని ఒకటి నోట్లేసేది, హాస్టల్‌కు పోయినంక గూడ పంపేది. కోపమొచ్చేది నాకు.”

“ఇగ సాలు తియ్‌రా,” అన్నాడు నాగేందర్.

“హాస్టల్ ముచ్చట చెప్పకుంటే ఎట్ల? ఏడో తరగతి అయినంక మిర్యాలగూడ హాస్టల్ల సీట్లకు పోయినం మేడం. ఇద్దరికీ దొరికేదే. వరండాల నిలబడ్డప్పుడే వచ్చె. వార్డెన్ ఉరికొచ్చేసరికి ఇద్దరం కిందనే ఉన్నం. ‘ఎవనికిరా ఫిట్స్? అసొంటోళ్లను ఈడ ఉంచుకోం’ అన్నడు. నా కండ్లు ఇంకా సరిగ్గ తెరుచుకోలే. వీడు లేచి, చేతులు కట్టుకుని, ‘నాకే సార్’ అన్నడు.”

మత్తయ్య దోస్తు భుజం మీద చేయి వేశాడు.

“అబద్ధమాడితే సీటు దక్కేది. ఆడలే. నా పెట్టె నెత్తిన పెట్టుకుని నన్ను హాస్టల్ల దించి, ఒక్కడే ఊరికి పోయిండు. వాని సదువు గాన్నే ఖతం. ఊరంతా ‘ఫిట్స్ నాగిగాడు’ అనవట్టె. పిల్లనిస్తమన్నోళ్లు గూడ ఎనక్కి పోయిన్రు. ఎన్నేండ్లకో గని లగ్గం కాలే. నేను సార్‌నైన, హెడ్మాస్టర్‌నైన. ఏ బడికి పోయినా పిల్లలకు మొదటి పాఠం ఇదే చెప్పిన మేడం. నిజం చెప్పేటోడంటే మా నాగేందర్ అని.”

నాగేందర్ తువ్వాల మడతలు పెడుతూ నేల చూపులు చూస్తున్నాడు.

హిమజ ఆయన వైపు తిరిగింది. “పెద్దాయనా, అప్పట్లో ఏం మందులు వాడారు?”

“ఏం వాడలే బిడ్డా.”

“అస్సలు వాడలేదా? మరి ఎలా తగ్గింది?”

“గదే విచిత్రం మేడం,” మత్తయ్య అందుకున్నాడు. “నేను హాస్టల్‌కు పోయినంక వీనికి ఒక్కసారి గూడ రాలేదంట!”

హిమజ రాస్తున్న పెన్ను ఆగింది. కళ్లలో మెరుపు కనిపించింది.

“మీలాంటి వాళ్లు మాకు చాలా అరుదుగా దొరుకుతారు. కొందరు పిల్లలకు మందు లేకుండానే తగ్గుతుందేమోనని చూస్తున్నాం. అది తేలితే అలాంటి పిల్లలకు మందులు మొదలుపెట్టకుండా ఆగొచ్చు.”

నాగేందర్ తలెత్తాడు. “అంటే, నా మాట పట్టుకుని పిల్లలకు మందులు బందువెడ్తరా బిడ్డా?”

“మీ ఒక్కరి మాట మీదే కాదు. కానీ మీదీ లెక్కలోకి వస్తుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తప్పు చెబితే నష్టపోయేది పిల్లలే.”

తెరిచి ఉన్న తలుపులోంచి వరండా కనిపిస్తోంది. ఒక తల్లి బెంచీ మీద కూర్చుని, తొడ మీద నిద్రపోతున్న పాపకు కొంగుతో విసురుతోంది. పాప నుదుటి మీద ఎక్కడో పడిన దెబ్బకు కట్టు ఉంది. నాగేందర్ ఆ పాపను చూస్తూ ఉండిపోయాడు.

“ఏందిరా, పరేషాన్ అయితున్నవ్?” మత్తయ్య భుజం తట్టాడు. “తెలిసింది చెప్పు. నువ్వెన్నడు అబద్ధమాడినవ్ గనక?”

“మీ అమ్మకు మాటిచ్చిన్రా.”

“మా అమ్మకా? ఏం మాట?”

“నీకు తెల్వనియ్యొద్దని ఒట్టేయించుకున్నది. తెలిస్తే నీ గుండె చెదురుతదని భయం. ఆమె పోయినంక గూడ నేను నోరు తెర్వలే. ఇగ తప్పేటట్టు లేదు.”

మత్తయ్య ఏమీ అర్థంకానట్టు చూశాడు. నాగేందర్ కుర్చీ దగ్గరికి లాక్కుని, కాలువ గట్టు మీద పట్టుకున్నట్టే ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఫిట్స్ వచ్చేది నీకురా.”