ఉప్పు మడిలో లేనిది

"ఉప్పు మడిల లేనిది నీ సీసాలకు ఎట్లొచ్చింది జెరూషా?"

సత్యదేవ్ గొంతు పెంచలేదు. పెంచి నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది జెరూషాకు. ఐదేళ్ళుగా తన పరిశోధనకు గైడుగా ఉంటూ ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి, ఇవాళ ఆమె ముఖం చూడకుండా టేబుల్ మీది కాగితం వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు.

"ఆ నీళ్ళు చినగంజాం ఉప్పు మళ్ళ నుంచే తెచ్చాను సార్. మీకు తెలుసు కదా!"

"నాకేం తెల్సు? నువ్వు చెప్పినవ్, నేను నమ్మిన. మూడుసార్లు మనుషులను పంపి పన్నెండు మళ్ళ నీళ్ళు తెప్పిచ్చిన. నీ వైరస్ ఒక్కదాంట్ల సుత లేదు. ల్యాబ్‌ల తయారుచేసిన జీన్ తెచ్చి కలిపినవని బయట అంటున్నరు. దీని మీద సంతకం పెట్టు. మన పేపర్ వాపస్ తీసుకుందాం. నీ పీహెచ్‌డీ పోతది. కానీ గొడవ కేసు దాకా పోదు."

జెరూషా చేతులు ఒళ్ళోకి లాక్కుంది. ఆర్నెల్ల క్రితం ఆ పేపర్ అచ్చయిన రోజు ఇదే గదిలో ఇదే మనిషి తన చేత్తో ఆమెకు కేకు తినిపించాడు. ఇప్పుడు పెన్ను ముందుకు తోస్తున్నాడు.

పక్క కుర్చీలో ఉన్న తల్లి కాంతమణి మాత్రం చీర కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. పొద్దున్న టిఫిన్ కూడా ముట్టకుండా బయల్దేరిన కూతురిని ఒంటరిగా పంపలేక, యాప్రాల్ నుంచి బేగంపేట దాకా వెంటబడి వచ్చిందావిడ. ముప్పై ఏళ్ళుగా సండే స్కూల్లో పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించిన మనిషి. కూతుర్ని అబద్ధాలకోరంటే ఊరుకుంటుందా?

"మా ఇంట్లో అబద్ధం అన్న మాటే లేదు సార్. దీన్ని నేనలా పెంచలేదు. దేవుడి ముందు ప్రమాణం చేస్తాను."

"మీ మీద నాకు గౌరవం ఉందమ్మా. కానీ లెక్క కుదురుతలేదు." సత్యదేవ్ మళ్ళీ జెరూషా వైపు తిరిగాడు. "శనివారం రైలు దిగినవ్. సోమవారం ల్యాబ్‌కు తెచ్చినవ్. నడుమ సీసా ఎక్కడున్నది?"

"ఇంట్లోనే సార్. ఆదివారం ల్యాబ్ మూసేస్తారు కదా. వంటింటి కిటికీలో ఎండ తగిలేట్టు పెట్టాను. సోమవారం తీసినప్పుడు కూడా మూత బిగించినట్టే ఉంది. నీళ్ళ గులాబీ రంగు కూడా మారలేదు."

"మరి ఆ వైరస్ యాడికెల్లొచ్చింది? ఆకాశంలకెల్లి ఊడిపడ్డదా?"

కాంతమణికి ఒళ్ళు మండింది. "అసలు ఆ సీసాలో ఏముందని సార్ పిల్లనిలా నిలదీస్తున్నారు? నాకర్థమయ్యేట్టు చెప్పండి."

సత్యదేవ్ నిట్టూర్చాడు. "మన కంట్ల రోడాప్సిన్ అని ఒక ప్రోటీన్ ఉంటదమ్మా. దానికి వెలుతురు తగిలితెనే మనకు కనిపిస్తది. అసొంటిదే బాగ ఉప్పగున్న నీళ్ళల్ల బతికే సూక్ష్మజీవుల్లో సుత ఉంటది. వాటికి కండ్లు లేవు, ఎండను పట్టుకొని దాంతోని బతుకుతయి. అవి ఎక్కువైతే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతయి. ఆ జీవులకు పట్టే ఒక వైరస్‌ల సుత ఈ ప్రోటీన్ ఉన్నదని మీ బిడ్డ చూపించింది. ఇప్పటిదాక ఎవ్వరూ చూడని రకం. అందరూ పరేషాన్ అయిన్రు. వైరస్ నిజమే, ల్యాబ్‌ల ఇప్పటికీ బతికే ఉన్నది. అది యాడిదో చెప్పలేకపోతే మాత్రం మేమిద్దరం దొంగలమే."

కాంతమణి కూతురి భుజం మీద వేసిన చెయ్యి మెల్లగా తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ చెయ్యి తీసెయ్యడం జెరూషా చూసింది. పీహెచ్‌డీ పోతుందన్నప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. అమ్మ కూడా నమ్మడం మానేసింది! లోకమంతా దొంగ అన్నా తట్టుకునేదే గానీ, ఇది ఆమె వల్ల కాలేదు.

"అమ్మా, నువ్వు కూడానా?"

కాంతమణి చూపు తిప్పుకుంది.

ఇక దేనికోసం పోట్లాడాలి? జెరూషా పెన్ను అందుకుంది. కళ్ళలో నీళ్ళు నిండి గీత ఎక్కడుందో కనపడటం లేదు. చేత్తో తుడుచుకుని, పేరులో మొదటి అక్షరం రాసింది.

కాంతమణి ఒక్క ఉదుటున లేచి ఆ చెయ్యి పట్టుకుంది. కాగితం మీద సిరా అడ్డంగా సాగింది.

"ఆగవే! అబద్ధమాడింది అది కాదు సార్, నేను." "ఆ ఆదివారం ఆరాధనకి టైమైపోతోందని కంగారు కంగారుగా కిటికీ తుడిచాను. చెయ్యి తగిలి దాని సీసా సింకులో పడింది. మూత ఊడిపోయింది. చుక్క మిగల్లేదు. రెండు రోజులు ఎండలో నిలబడి తెచ్చుకుంది, చూస్తే ఏడుస్తుందని చెప్పలేకపోయాను."

సత్యదేవ్ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. జెరూషా తల్లి ముఖంలోకి వెర్రిదానిలా చూసింది.

"మరి నేను ల్యాబ్‌కి తీసుకొచ్చిన నీళ్ళేంటమ్మా?"

కాంతమణి తల దించుకుంది.

"అదే గులాబీ రంగులో ఉన్నాయి కదా అని నేనే పోసి మూత బిగించాను. మోండా మార్కెట్లో చవగ్గా వచ్చాయని తెచ్చిన ఉప్పుచేపలు నానబెట్టిన నీళ్ళే అవి."