నంగోబి అవ్వ ఆలస్యం

ముందే ఒప్పేసుకుంటాను. మా సేవా క్లబ్బు అత్యవసర నిధి ఎండిపోవడానికి కారణం నేను తయారుచేసిన యాప్.

సరస్సు ఒడ్డున జింజా పట్నంలో మాది చిన్న క్లబ్బు. సరస్సు మధ్య దీవిలోని గర్భిణుల్ని ఒడ్డునున్న ఆసుపత్రికి చేర్చే పడవ నడుపుతాం. నిన్న దాని ఇంజను కాలిపోయింది. బాగుచేయించడానికి నిధిలో సగం డబ్బు కూడా లేదు.

"విరాళాలున్నాయిగా అవ్వా?" అన్నాను.

"అవి ఏ పనికిస్తే ఆ పనికే. నిధిలోకి ఆలస్యపు జరిమానాలు తప్ప ఇంకేవీ వేయకూడదని నియమం" అంది క్లబ్బులో పాత సభ్యురాలు నంగోబి అవ్వ.

వారం వారం జరిగే సమావేశానికి ఆలస్యమైతే నిమిషానికి వెయ్యి షిల్లింగులు జరిమానా. పదకొండేళ్లు ప్రతి వారం ఆలస్యంగా వచ్చి నవ్వుతూ కట్టిందామె. కొత్తగా చేరిన నేను, పాపం మతిమరుపనుకుని, వేళకి ఆమె గుమ్మానికి బోడా, అదే అద్దె మోటారుసైకిలు, వచ్చేలా యాప్ చేసిపెట్టాను.

"ఆర్నెల్లుగా ఒక్క జరిమానా పడలేదు నీకు" అన్నాను గర్వంగా.

"ఎలా పడుతుందే? ఇదివరకు గడియారం ముందు కూర్చుని, నలభై నిమిషాలు దాటాకే చెప్పులేసుకునేదాన్ని. ఇప్పుడు నీ బండివాడు హారన్ కొట్టి చంపుతున్నాడు."

"మరి చెప్పలేదేం?"

"ముచ్చటపడి చేశావు కదా, పిల్లా."

దీవిలో ఇద్దరికి నెలలు నిండాయి. యాప్ తీసేశాను, కానీ దాంతో ఇంజను తిరగదు.

మేలు చేయబోయి మీరేం చెడగొట్టారో రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలియాలి నాకు.