మామగారి కారు, మూడో గేరు

"ముందు ప్రశ్నలు. తర్వాతే ఆయిలు," అన్నాడు సుబ్బయ్య.

తాడేపల్లిగూడెంలో ఆయన షాపు పద్ధతే అంత. బండి ఏదో, ఎవరు నడుపుతారో, ఎలా నడుపుతారో తేలందే పై అరలోంచి డబ్బా కిందికి దిగదు. ఆ షాపులో నూనె కన్నా ఆయన ప్రశ్నలే జిడ్డు.

ఎదురుగా నిలబడ్డ జయకృష్ణది కొల్లేరు వైపు ఊరు. వచ్చిన పని చిన్నదే. రెండో గేరులోంచి మూడో గేరులోకి వేస్తుంటే కారు పళ్లు కొరుకుతోంది. కారుకే అంత కోపముంటే, ముచ్చటపడి ఆ రేసు బండి కొనిచ్చిన మామగారికి సంగతి తెలిస్తే ఇంకెంత రావాలి?

ఆ మామగారు రైసు మిల్లు ఈశ్వరప్రసాద్. రోజూ సాయంత్రం సుబ్బయ్యతో కలిసే టీ తాగుతాడు. ఇక్కడ అన్నమాట టీ చల్లారేలోపే మిల్లుకు చేరిపోతుంది. అందుకే జయకృష్ణ మాటలు కూడా గేర్లలాగే ఆగి ఆగి పడుతున్నాయి.

"ఇప్పుడు గేరుబాక్సులో ఉన్న ఆయిలేంటండీ?"

"జీఎల్ ఫైవ్ అండి. మా మెకానిక్ జగ్గారావు పోశాడు. ఫోర్ కన్నా ఫైవ్ పెద్దది కదా అని."

సుబ్బయ్య కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఎక్కువొస్తే మంచిదనడానికి అవేవన్నా మార్కులా అండీ? ఫైవ్‌లో మందు ఘాటెక్కువ. గేర్ల వేగం కుదర్చడానికి లోపల ఇత్తడి రింగులుంటాయి. వాటిని తినేస్తుంది. పైగా మరీ జారుడు. రింగుకి కాస్త పట్టు చిక్కాలా వద్దా? మీ బండికి ఫోరే."

"మరి చిక్కనిదా అండి, పలచనిదా?"

"చిక్కనైతే చిక్కే. పొద్దున్నే గేరు పడదు. పలచనైతే వేడికి నీళ్లయిపోద్ది."

"పలచన వద్దండి బాబూ. మామగారి దగ్గర ఇప్పటికే పలచనైపోయి ఉన్నాను."

సుబ్బయ్య నవ్వలేదు. "ఎప్పుడు నడుపుతారు?"

"తెల్లవారుజామునండి. మబ్బు పట్టిన రోజైతే ఇంకా ముందే."

"మబ్బుకీ కారుకీ సంబంధమేంటండీ?"

"చల్లగా ఉంటుంది కదండీ," అన్నాడు జయకృష్ణ, బల్ల వైపు చూస్తూ.

"ఏ గేరులో?"

"మూడులోనేనండి. తెల్లారేదాకా అదే."

"మధ్యలో బ్రేకు?"

"తొక్కిన గుర్తు లేదండి."

సుబ్బయ్య కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఎంత తిరిగిందేంటి?"

"మీటరు లక్ష దాటిందండి."

"మొన్న మొన్న కొన్న బండి! టైర్లు ఎన్ని జతలు మార్చారు?"

"కొన్నప్పటివేనండి. గీత కూడా పడలేదు."

సుబ్బయ్య ముక్కు ఎగబీల్చాడు. "మీ మీద చేపల వాసనొకటి."

"మా ఊళ్లో అత్తరు పూసుకున్నా అదే వాసనండి."

డబ్బా మీద వేసిన చెయ్యి సుబ్బయ్య వెనక్కి తీసుకున్నాడు. ఆయనకు విషయం అర్థమైపోయింది.

"అల్లుడుగారూ, రేసులా? మా మేనల్లుడు వినయ్ ఏలూరు బైపాస్ మీద ఇలాగే ఎగిరిపడ్డాడు. ఇప్పటికీ కాలీడుస్తున్నాడు. రేసుగాళ్లకి నా షాపులో చుక్క దొరకదు. వెళ్లిరండి."

జయకృష్ణ బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"సుబ్బయ్యగారూ, అలా అనకండి. ఏడాది పెట్టుబడంతా ఆ గేరు మీదే ఉందండి. ఒక్క తెల్లవారుజామున అది పడకపోతే నా బతుకు తేలిపోతుంది."

"పెట్టుబడి కూడానా! ఎంతమందయ్యా మీ ముఠా?"

"నేనొక్కణ్నేనండి."

"అయితే ఒట్టెయ్యండి. రోడ్డు మీద హద్దు దాటనని."

"అసలు రోడ్డే ఎక్కించనండి. ఒట్టు."

"వెటకారమా?"

"మీ ఈశ్వరప్రసాద్ గారి అమ్మాయి ఇందుజ మీద ఒట్టండి! ఆ బండిని రోడ్డెక్కించను."

పెళ్లాం మీద ఒట్టేసినవాడు అబద్ధమాడడని సుబ్బయ్య నమ్మకం. ఆయనకు పెళ్లి కాలేదు. జీఎల్ ఫోర్ డబ్బా దించి, "సెవెంటీఫైవ్ నైంటీ. చలికి బిగుసుకోదు, వేడికి నీళ్లవదు. పాతది చుక్క మిగలకుండా దింపించండి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ మామగారికి చెప్పన్లెండి."

సాయంత్రం టీ రాగానే చెప్పేశాడు.

ఈశ్వరప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు. సుబ్బయ్య తుఫాను కోసం ఎదురుచూశాడు.

"బ్రేకు తొక్కడా?"

"తొక్కడంట."

"తెల్లారేదాకా థర్డ్‌లోనే?"

"అవునంట. ఒట్టేయించుకున్నాననుకోండి."

"ఆ ఒట్టెందుకయ్యా మధ్యలో!" ఈశ్వరప్రసాద్ మీసం మీద చెయ్యి వేశాడు. "నేనే వాణ్ని తక్కువ అంచనా వేశాను. మా అల్లుడు ఉత్త నెమ్మదస్తుడు, కారుని ఓ మూల పడేసి ఉంటాడనుకుంటున్నాను ఇన్నాళ్లూ. ఇంకో టీ చెప్పు."

మర్నాడు మబ్బు పట్టింది. తెల్లవారుజామున ఊరంతా కరెంటు పోయింది. జయకృష్ణ లుంగీ ఎగ్గట్టుకుని కారెక్కి స్టార్ట్ చేశాడు. ఒకటి. రెండు. ఊపిరి బిగబట్టి, మూడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది గేరు.

చేపల చెరువు గట్టు అంచున దిమ్మెల మీదకెక్కి కదలకుండా నిలబడ్డ ఆ కారుకు వెనక చక్రాలు ఊడదీసి బిగించిన, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ రెక్కలు గిర్రున తిరిగి నీళ్లు చిమ్ముతుంటే, మబ్బుకి గాలాడక పైకి తేలి నోళ్లు తెరిచిన బొచ్చెలూ శీలావతులూ ఒక్కొక్కటే నిమ్మళంగా అడుక్కి దిగిపోయాయి.